స్వారీ గుఱ్ఱమునకు తొందర పనికిరాదు

మూడేండ్ల గుఱ్ఱపు పిల్ల చూచుటకు నిండుగా ఎదిగినట్లే యుండును. ఎత్తు వచ్చి, మెడ లేచి, పరుగులో పెద్ద గుఱ్ఱములకు తీసిపోకుండును. ఇక జీను వేసి ఎక్కవచ్చునని యజమానికి తోచుట సహజము. కాని దాని ఎముకలు ఇంకను పూర్తిగా ముదిరి యుండవు. కాళ్ళలో క్రింది ఎముకలు ముందుగా ముదురును. ముందుకాలి మోకాలికి పైనున్న ఎముక రెండు, రెండున్నర ఏండ్లకు గాని ముదరదు. రౌతు బరువును మోయవలసిన వెన్నుపూసలు అన్నిటికంటె ఆలస్యముగా, ఐదేండ్లు దాటిన పిమ్మట గట్టిపడును. అనగా మనము బరువు పెట్టు చోటే చివరకు సిద్ధమగుచున్నది.

పండ్లు చూచి కోడె వయస్సు చెప్పగల రైతుకు గుఱ్ఱము వయస్సు తెలిసికొనుట కష్టము కాదు. ముందరి పాలపండ్లలో నడిమి జత సుమారు రెండున్నర ఏండ్లకు, దాని ప్రక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు ఊడి కొత్తవి వచ్చును. ఐదేండ్లకు నోరు నిండును. పండ్లు మారు కాలములో నోరు నొప్పిగా నుండుటచే కొన్ని పిల్లలు కళ్ళెము తగిలినంతనే తల విదలించును. దీనిని పొగరని తలచి కొట్టువారు కలరు. అది పొగరు కాదు, నొప్పి.

మరియొక చిక్కు కలదు. బాగుగా మేపి దినదినము నడిపించినచో కొలది వారములలోనే గుఱ్ఱమునకు దమ్ము పెరుగును, కండ పట్టును. కాలి నరములు, ఎముకలు బలపడుటకు మాత్రము నెలలు పట్టును. అందుచే గుఱ్ఱము అలసట చూపకుండగనే కాలు చెడిపోవచ్చును. ఒకసారి తెగిన నరము మానినను మునుపటి బలము రాదు.

ఓపికతో తయారు చేసిన గుఱ్ఱమెట్లుండునో తెలిసికొనుటకు ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని స్పానిష్ స్వారీ పాఠశాలను చూడవలెను. 1572 నాటి పత్రములలోనే దీని ప్రస్తావన కలదు. ఇచ్చట లిపిజ్జానర్ జాతి మగ గుఱ్ఱములకు శిక్షణ ఇత్తురు. ఈ పిల్లలు పుట్టినపుడు నల్లగానో, గోధుమ వన్నెగానో యుండి, ఏండ్లు గడచిన కొలది తెల్లబడును. పీబర్ అను గ్రామములోని పెంపక కేంద్రములో పెరుగుచు, వేసవిలో కొండ మీది పచ్చిక బీళ్ళలో స్వేచ్ఛగా తిరుగును. ఎగుడుదిగుడు నేలపై తిరుగుటవలన వాటికి అడుగు పట్టు వచ్చును. సుమారు నాలుగేండ్లు నిండిన తరువాతనే శిక్షణ మొదలగును. మొదటి సంవత్సరమంతయు తిన్నగా, జంకు లేకుండ ముందుకు నడచుటయే పాఠము. తరువాత మలుపులు, వలయములు, నడకలు మార్చుట నేర్పుదురు. నిండు శిక్షణకు ఆరేండ్ల వరకు పట్టును. గాలిలోనికెగిరి వెనుకకాళ్ళు చాచు విద్య కొన్నిటికే అబ్బును. అబ్బనివాటిని బలవంతపెట్టరు. పని బాగుగా చేసిన గుఱ్ఱమునకు చక్కెర పెట్టుటకై రౌతు కోటు వెనుక తోకలో ఒక జేబు కుట్టబడి యుండును! ఇరవై ఏండ్లు దాటిన గుఱ్ఱములు కూడ అచ్చట ప్రదర్శనలో పాల్గొనుట కలదు. నాలుగేండ్లు కాచుకొన్న ఖర్చు ఈ విధముగా తీరుచున్నది.

గుఱ్ఱముకంటె మనిషికే ఎక్కువ కాలము పట్టుననుట గమనింపదగినది. అచ్చట చేరిన విద్యార్థికి మొదట పగ్గములు గాని రికాబులు గాని ఇయ్యరు. గురువు పొడవైన త్రాడు పట్టి గుఱ్ఱమును వలయముగా త్రిప్పుచుండ, కూర్చుండుట మాత్రమే నేర్చుకొనవలెను. నిండు రౌతగుటకు పది సంవత్సరములు పట్టుట సాధారణము. కొత్తవానిని ముదురు గుఱ్ఱము మీదనే ఎక్కింతురు; కొత్త గుఱ్ఱమును ముదురు రౌతుకే అప్పగింతురు. కోడెను మొదట పనివచ్చిన ఎద్దు సరసన కట్టు మన రైతులకు దీని మర్మము వేరుగ చెప్పనక్కరలేదు. ఇద్దరును కొత్తవారైనచో ఇద్దరును భయమే నేర్చుకొందురు.

పిల్ల గుఱ్ఱము గలవారు మూడేండ్ల వరకు చేయదగిన పని లేదని తలంపరాదు. చేతితో నడిపించుట, కాళ్ళెత్తి గిట్టలు శుభ్రము చేయనిచ్చుట, పట్టుకొనినపుడు కదలక నిలుచుట ఈ వయస్సులోనే అలవడవలెను. చెప్పిన పని చేసిన క్షణముననే పగ్గము వదులు చేయుడు. ఆ వదులే దానికి బహుమానము. ఆలస్యమైనచో దేనికి వదలితిరో దానికి తెలియదు. తరువాత త్రాడు పట్టి ఎడమకు ఎంత త్రిప్పుదురో కుడికిని అంతే త్రిప్పవలెను. పాఠము ఇరువది నిమిషములు చాలును. అది అలసి విసుగు చెందక ముందే ఆపుడు.

నాలుగేండ్లకు జీను వేయవచ్చును. జీనుతో కూడిన రౌతు బరువు గుఱ్ఱపు బరువులో ఐదవ వంతు మించరాదు. 400 కిలోల గుఱ్ఱమునకు 80 కిలోలు హద్దు. పిల్ల గుఱ్ఱమునకు అంతకంటె తక్కువే మేలు కాబట్టి, మొదటి నెలలలో స్వారీ తెలిసినవారిలో తేలికైన మనిషినే ఎక్కింపుడు. ప్రతి ఉదయము ముందుకాళ్ళను మోకాలి నుండి గిట్ట వరకు చేతితో తడిమి చూడుడు. ఒక కాలు రెండవదానికంటె వేడిగా నున్నను, వాచియున్నను ఆ దినము జీను వేయక పశువైద్యునికి చూపుడు.