షట్టర్ దించినా ఆగని బకాయి

జీఎస్‌టీ నంబరులో 15 స్థానాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది స్థానాల్లో ఉండేది యజమాని పాన్ నంబరే. బోర్డు మీద ఫ్యాన్సీ స్టోర్ అని రాసుకున్నా, మొబైల్స్ అని రాసుకున్నా, సొంతంగా ఒక్కరే నడిపే వ్యాపారానికీ దాన్ని నడిపే మనిషికీ చట్టం దృష్టిలో తేడా లేదు. అందుకే కొట్టు పోయినా నంబరు మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఎక్కడో ఉద్యోగంలో చేరాక, జీతం పడిన ఖాతా ఓ రోజు ఉన్నట్టుండి స్తంభించిపోయినప్పుడు గానీ కొందరికి ఆ సంగతి తెలిసిరాదు.

వ్యాపారం దెబ్బతిన్నవాళ్లకు ముందు కనిపించేవి అద్దె బకాయి, సరుకిచ్చిన హోల్‌సేలర్లు, ఫైనాన్స్ వాళ్లు. వాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు. పన్నుల శాఖ అలా రాదు. పోర్టల్‌లో నోటీసు పెట్టి, మెయిల్ పంపి ఊరుకుంటుంది. రిజిస్ట్రేషన్ చేయించిన రోజున తన మెయిలూ తన ఫోన్ నంబరూ ఇచ్చిన కన్సల్టెంటు, ఫీజు ఆగిపోయాక వాటిని తెరిచి చూడకపోవచ్చు. కాబట్టి బకాయి తేల్చుకోవాలనుకున్నవాళ్లు అన్నిటికంటే ముందు తమ లాగిన్ తమ చేతికి తెచ్చుకోవాలి. పాస్‌వర్డ్ దొరక్కపోతే గుర్తింపు పత్రాలతో తమ సర్కిల్ ఆఫీసుకు వెళ్లి మెయిలూ ఫోన్ నంబరూ మార్పించుకోవచ్చు.

అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా, నంబరు ఉన్నంతకాలం రిటర్ను వేయాల్సిందే. వేయకపోతే 15 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. అప్పటికీ కదలకపోతే అధికారి పాత రిటర్నులు, సరఫరాదారులు చూపిన బిల్లులు, ఈ-వే బిల్లులు చూసుకుని పన్ను ఇంత ఉండొచ్చని అంచనా కట్టి ఉత్తర్వు ఇస్తారు. నెలనెలా రిటర్ను వేయాల్సినవారు వరుసగా ఆరు నెలలు ఎగ్గొడితే రిజిస్ట్రేషన్ రద్దుకు కూడా నోటీసు ఇవ్వవచ్చు. ఉత్తర్వు అందిన మూడు నెలల్లో సొమ్ము కట్టకపోతే వసూలు మొదలవుతుంది. బ్యాంకుకు నేరుగా రాసి ఖాతాలోంచి తీసుకునే అధికారం శాఖకు ఉంది. ఆ వ్యాపారికి ఎవరైనా బాకీ ఉంటే వాళ్ల దగ్గరా రాబట్టవచ్చు. కలెక్టరుకు సర్టిఫికెట్ పంపితే భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టే దీన్నీ వసూలు చేస్తారు. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద ఇల్లూ పొలమూ జప్తు దాకా వచ్చేది ఈ దారిలోనే.

ఇంతవరకూ చదివితే గుండె జారుతుంది. అయితే అసలు లెక్క వేసి చూస్తే చాలామంది ఊహించుకునేంత పెద్ద మొత్తం ఉండదు. అమ్మకాలు లేని నెలకు జీఎస్‌టీఆర్-3బి అనే నెలవారీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు పడుతుంది. 2021 జూన్ నుంచి దానికి గరిష్ఠ పరిమితి పెట్టారు. ఒక్కో నిల్ రిటర్నుకు 500 రూపాయలు దాటదు. అమ్మకాలు ఉండి, ఏడాది టర్నోవరు కోటిన్నర లోపైతే రోజుకు 50 చొప్పున గరిష్ఠంగా 2,000. కొట్టు మూసేసి పది నెలలు ఖాళీగా వదిలేసిన మనిషికి ఈ రిటర్నుల మీద పడే లేటు ఫీజు 5,000 రూపాయలు. ఈ మాట ఎవరూ చెప్పక, లక్షలు అయి ఉంటాయన్న భయంతో ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

అంచనా ఉత్తర్వు సంగతీ అంతే. అధికారి చేతిలో అసలు లెక్కలు ఉండవు కనుక అందులోని అంకె నిజమైన పన్ను కంటే పెద్దదిగా ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో సరైన రిటర్ను వేసి పన్ను కట్టేస్తే, అంచనా ఉత్తర్వు రద్దయినట్టే లెక్క. అది తప్పిపోతే మరో 60 రోజులు ఉంటాయి, కాకపోతే రోజుకు కేంద్రానికి 100, రాష్ట్రానికి 100 అదనంగా కట్టాలి. వడ్డీ, లేటు ఫీజు మాత్రం ఎలాగూ తప్పవు. నిజంగా కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ నడుస్తుంటుంది. కొట్టులో అసలు అమ్మకమే లేని నెలకు లక్ష రూపాయల పన్ను పడిందనుకుందాం. ఆ లక్షను 500 రూపాయల లేటు ఫీజుకు దించగలిగేది గడువులో వేసిన ఒక్క నిల్ రిటర్ను.

ఆలస్యం చేయకూడదనడానికి ఇప్పుడు ఇంకో కారణం తోడైంది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, గడువు తేదీ దాటి మూడేళ్లయిన రిటర్నును ఇక వేయనివ్వరు. అంటే తన లెక్క తాను చెప్పుకునే అవకాశమే పోతుంది, శాఖ వేసిన లెక్కే మిగులుతుంది.

చేతిలో డబ్బు లేనివాడి మాటేమిటి? ఇక్కడ చట్టం నిజంగానే కఠినంగా ఉంది. 3బి రిటర్నులో చూపిన పన్ను పూర్తిగా కడితే తప్ప అది దాఖలు కాదు. పాత నెలది వేయకుండా పోర్టల్ కొత్త నెలకు పోనివ్వదు. అధికారి ఉత్తర్వు ద్వారా తేల్చిన బకాయికైతే 24 నెలల వరకూ వాయిదాలు అడగవచ్చు, దరఖాస్తు పేరు డీఆర్‌సీ-20. ఆ మొత్తం 25,000 రూపాయల కంటే తక్కువైతే వాయిదాలు లేవు. ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా ఒకేసారి కట్టమంటారు. రిటర్నులో మన చేత్తో మనమే ఒప్పుకున్న పన్నుకు ఈ సౌకర్యం అసలు వర్తించదు. నిజాయతీగా చెప్పినవాడికి లేని వెసులుబాటు చెప్పకుండా దొరికినవాడికి ఉండడం న్యాయంగా లేదు, దీన్ని సవరించాలి. అప్పటిదాకా ఆచరణలో ఉన్న దారి ఒక్కటే. అన్నిటికంటే పాత నెలతో మొదలుపెట్టి, డబ్బు సమకూరినకొద్దీ ఒక్కో రిటర్నూ వేసుకుంటూ రావడం. కస్టమర్ల దగ్గర వసూలు చేసిన పన్ను కట్టలేకపోయానని జైలు భయం పట్టుకున్నవాళ్లూ ఉంటారు. దొంగ బిల్లుల వంటి మోసం లేకుండా కేవలం కట్టకపోవడమే నేరమైతే, ఆ మొత్తం 2 కోట్లు దాటినప్పుడే శిక్ష మాట వస్తుంది. చిన్న కొట్టు యజమాని అంత దూరం పోనక్కర్లేదు.

కొట్టు మూస్తున్న సమయంలోనే ఉన్నవారికి సరుకు లెక్క చాలా ముఖ్యం. వ్యాపారం ఆపిన 30 రోజుల్లో రెగ్-16 దరఖాస్తు పెడితే, ఆ రోజు నుంచే రిజిస్ట్రేషన్ నిలుపుదలలో ఉంటుంది, రిటర్నుల బెడద ఆగుతుంది. అయితే రద్దు నాటికి చేతిలో మిగిలిన సరుకు మీద గతంలో తీసుకున్న ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న మినహాయింపు) గానీ, ఆ సరుకు మీద పడే అమ్మకం పన్ను గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మొబైల్ సామాన్ల కొట్టులో 3 లక్షల సరుకు ఉందనుకుందాం. 18 శాతం చొప్పున తీసుకున్న ఇన్‌పుట్ 54,000. కనీసం అంత సొమ్ము యజమాని జేబులోంచి పోతుంది. అదే సరుకును దరఖాస్తుకు ముందు ఇంకో రిజిస్టర్డ్ వ్యాపారికి గుండుగుత్తగా 1,80,000కు బిల్లు వేసి అమ్మితే పన్ను 32,400. దాన్ని కొన్నవాడే ఇస్తాడు, తన ఇన్‌పుట్‌గా తీసుకుంటాడు. బిల్లు లేకుండా తెలిసినవాళ్లకు పంచేసిన సరుకు మాత్రం లెక్కలో కొట్టులోనే ఉన్నట్టు. ఫ్రీజర్లు, ఇన్వర్టర్ల వంటి సామగ్రికి ఐదేళ్ల ఆయుష్షు కింద లెక్క కట్టి, మిగిలిన నెలల వంతు ఇన్‌పుట్‌ను వదులుకోవాలి. అమ్ముడుపోయే ధర మీద పన్ను దానికంటే ఎక్కువైతే ఆ పన్నే కట్టాలి.

నంబరు రద్దయిందంటే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. రద్దు తేదీ, ఉత్తర్వు తేదీల్లో ఏది ఆలస్యమైతే దాని నుంచి మూడు నెలల్లో జీఎస్‌టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. దీన్ని మరిచిపోతే రోజుకు 200 చొప్పున 10,000 దాకా పోతుంది. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఈ ఆఖరి రిటర్ను లేదు. రద్దుకు ముందునాటి బకాయి ఏదైనా రద్దు తర్వాతా బకాయే.

మన ఊళ్లలో అప్పులు ముంచుకొచ్చినప్పుడు వినిపించే మాట “ఐపీ పెట్టెయ్”. దివాలా పిటిషన్‌నే జనం ఐపీ అంటారు. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, మామూలు వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని ఇంకా అమల్లోకి తేలేదు. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తింపజేశారు. ఊళ్లోని వ్యాపారి ఐపీ పెట్టేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే. ఆ చట్టం కోర్టు విముక్తి ఇచ్చాక కూడా ప్రభుత్వానికి ఉన్న బాకీని మాఫీ చేయదు. పైగా ఆస్తి పంచేటప్పుడు ప్రభుత్వ బకాయిలను ముందు వరుసలో నిలబెడుతుంది. హోల్‌సేలరు బాకీకి ఐపీ ఎంతవరకు పనికొస్తుందో లాయరు గారు చెప్పాలి గానీ, పన్ను బకాయికి అది మందు కాదు.

భాగస్వామ్యంలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. ఫర్మ్ పన్నుకు భాగస్తులందరూ, ఒక్కొక్కరూ మొత్తానికీ బాధ్యులే. మధ్యలో తప్పుకున్నవారు ఆ సంగతి నెలలోగా శాఖకు రాతపూర్వకంగా చెప్పకపోతే, చెప్పిన రోజు దాకా బాధ్యత సాగుతుంది. యజమాని చనిపోయి వ్యాపారం ఆగిపోతే, వారసులు ఆయన వదిలిన ఆస్తి ఎంతమేర ఉందో అంతవరకే కట్టాలి. వారి సొంత సంపాదన జోలికి రాకూడదు.

మళ్లీ వ్యాపారంలోకి రావాలనుకునేవారికి పాత నంబరు అడ్డుపడుతుంది. అదే పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ అడిగితే, పాతది ఎందుకు రద్దయిందో, బకాయిలు మిగిలాయో లేదో చూడమని 2019 మార్చిలోనే కేంద్రం అధికారులకు చెప్పింది. కొత్తదానికి పోకుండా, రద్దు ఉత్తర్వు అందిన 90 రోజుల్లో పాతదాన్నే బతికించమని అడగవచ్చు. తగిన కారణం ఉంటే మరో 180 రోజులు ఇవ్వవచ్చు. గడువులు దాటినవారికి తమిళనాడు కేసు ఒకటి ఆసరాగా నిలిచింది. ఆరు నెలలు రిటర్నులు వేయక రిజిస్ట్రేషన్ పోయి, అప్పీలు కూడా ఆలస్యమైందని కొట్టేస్తే, సుగుణ కట్‌పీస్ సెంటర్ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. 2022 జనవరి 31న జస్టిస్ సి. శరవణన్ ఇచ్చిన తీర్పులో, బకాయి రిటర్నులన్నీ పన్ను, వడ్డీ, లేటు ఫీజుతో 45 రోజుల్లో వేస్తే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలన్నారు. పాత ఇన్‌పుట్‌తో సర్దుకోకూడదని షరతు పెట్టారు. పన్ను కడతానని వచ్చినవాడిని వ్యాపారానికి దూరంగా ఉంచితే ఖజానాకూ లాభం లేదన్నది అందులోని ధోరణి.

జీఎస్‌టీ ఒక్కటే కాదు, వృత్తి పన్ను, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, తినుబండారాలైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఎవరికి వారే విడిగా రద్దు చేయించుకోవాలి. వృత్తి పన్ను రాజ్యాంగం ప్రకారం ఏడాదికి 2,500 మించదు, కానీ ఏళ్లు గడిస్తే అదీ పోగుపడుతుంది. ఇక ఆదాయపు పన్ను రిటర్ను నష్టమొచ్చిన సంవత్సరంలోనే తప్పకుండా, గడువులోపల వేయాలి. అలా చూపిన వ్యాపార నష్టాన్ని తర్వాతి ఎనిమిదేళ్ల వరకూ వ్యాపార లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. పాత వ్యాపారం మూతపడినా ఈ హక్కు పోదు. జీతంలోంచి మాత్రం తీసేయనివ్వరు. ఈ ఏడాది 4 లక్షల నష్టంతో బట్టల కొట్టు మూసి, నాలుగేళ్లకు క్యాటరింగ్ మొదలుపెట్టి 4 లక్షలు మిగుల్చుకున్నవారికి ఆ లాభం మీద పన్ను పడదు, గడువులో రిటర్ను వేసి ఉంటే.