పెట్టెలో పాము లేదు!

వెండితెర మీద పాము తప్పించుకుందంటే ఆ కథలో ఎవరికో మూడిందన్నమాటే! దాని కళ్ళల్లో విలన్ బొమ్మ ముద్రపడిపోతుంది. ఊళ్ళు దాటి, ఏళ్ళు దాటి, సరిగ్గా ఆఖరి రీలుకు వచ్చి పడగ విప్పి మరీ పగ తీర్చుకుంటుంది. మనమూ ఈల వేసి చూస్తాం.

మరి గాజుపెట్టెలో పెట్టి పెంచుకుంటున్న పాము ఒక ఇంట్లో నిజంగానే తప్పించుకుంటే? పగా లేదు, పాడూ లేదు. ఎక్కడో వెచ్చగా ఉన్న మూల చూసుకుని పడుకుంటుంది. ఆ సంగతి తెలియక అయిదు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపిన ముగ్గురు కుర్రాళ్ళ కథ ఇది. అందులో ఒకడు మా పిన్ని కొడుకు.

2019 డిసెంబరులో ఒక రాత్రి పదిన్నరకు టెక్సాస్ నుంచి వాడి ఫోన్.

"అన్నయ్యా, పాము పోయింది!"

"అయ్యో, చచ్చిపోయిందా?"

"పోయిందంటే... కనబడట్లేదు."

పాముల సినిమాల మీద ఎప్పుడో రెండు వ్యాసాలు రాసిన పాపానికి మా చుట్టాలందరి దృష్టిలో నేను పాములకు కూడా స్పెషలిస్టునే!

వాడు చెప్పిన సంగతి ఇది. ముగ్గురు తెలుగు కుర్రాళ్ళూ, ఒక అమెరికన్ కుర్రాడూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ అమెరికన్ స్కూల్లో చదివే రోజుల నుంచీ ఒక కార్న్ స్నేక్‌ను పెంచుతున్నాడు. నారింజ రంగు ఒళ్ళు, దానిమీద ఎర్రని మచ్చలు, మూడున్నర అడుగుల పొడవు. విషం లేదు. మన జెర్రిపోతుకు వరసకు చుట్టమే. క్రిస్మస్‌కు ఊరెళుతూ, "రోజూ నీళ్ళగిన్నె మార్చు, అంతకంటే ఏమీ చేయొద్దు" అని మావాడికి అప్పజెప్పి వెళ్ళాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే తల్లికి పుట్టిన బిడ్డ కదా, మొదట భయపడ్డా తర్వాత మావాడికీ దానిమీద మమకారం ఏర్పడింది. మూడోనాడు నీళ్ళు మార్చాడు. పెట్టె మూతకు నాలుగు క్లిప్పులు. మూడు వేశాడు. నాలుగోది వేసే వేళకు ఎవరో పిలిచారు.

అంతే! తెల్లారేసరికి మూత ఒక మూల వేలెడు లేచి ఉంది.

"వాడికి ఏం మొహం చూపించను అన్నయ్యా? దాన్ని పదేళ్ళ నుంచి పెంచుతున్నాడు!" అన్నాడు మావాడు. కరుస్తుందన్న భయం కంటే ఈ బాధే ఎక్కువగా ఉంది వాడికి. మిగతా ఇద్దరిలో ఒకడు అప్పటికే దుప్పటి చంకన పెట్టుకుని స్నేహితుడి ఇంటికి ఉడాయించాడు. రెండోవాడు బాత్‌రూమ్‌లో దీపం ఆర్పడం మానేశాడు.

నాగస్వరం ఊదితే వస్తుందా?

ఇదీ మావాడి మొదటి ప్రశ్న. నవ్వొచ్చింది గానీ, తప్పు వాడిది కాదు, మన సినిమాలది! 1954లో వచ్చిన హిందీ "నాగిన్" చిత్రంలో దేశాన్ని ఊపేసిన ఆ నాగస్వరం అసలు నాగస్వరమే కాదు. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ దగ్గర సహాయకుడిగా ఉన్న కల్యాణ్‌జీ క్లావియొలిన్ అనే ఎలక్ట్రిక్ వాద్యం మీద పలికించిన ధ్వని అది. అది వినబడగానే హాల్లోకి పాములు వచ్చేవని కూడా జనం కథలు కథలుగా చెప్పుకునేవారట! పాముకు బయటికి కనిపించే చెవులుండవు. నేల అదురునూ, మంద్రమైన ధ్వనులనూ అది పసిగట్టగలదు. పాములవాడి ముందు ఊగేదంటారా, పాట విని కాదు, ఊగుతున్న బుర్రను చూసి.

కాబట్టి పాట పనికిరాదు. నాకు తెలిసిన ఒక పాములు పట్టే మిత్రుణ్ణి నిద్రలేపి అడిగాను. ఆయన ఆవలిస్తూనే మొదట ఒకటే ప్రశ్న వేశాడు: "పెట్టెలో సరిగ్గా చూశారా?" వినడానికి వేళాకోళంలా ఉంటుంది. కానీ పోయిందనుకున్న పాములు చాలాసార్లు పెట్టె అడుగున పరిచిన రంపపు పొట్టు కిందో, నీళ్ళగిన్నె కిందో దొరుకుతాయట.

మావాళ్ళు పొట్టంతా ఎత్తి చూశారు. లేదు.

అప్పుడు అసలు పని మొదలైంది. గది తలుపులన్నీ మూసి, తలుపుల కింద సందుల్లో తువ్వాళ్ళు కుక్కారు. పాము ఎక్కువగా గోడ వారగానే పాకుతుంది, నట్టింట్లో నడవదు. తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా లాగేసుకుంటుంది. దానికి కావలసినవి మూడే మూడు... వెచ్చదనం, చీకటి, ఒళ్ళు అన్ని వైపులా తగిలేంత ఇరుకు. అందుకని ముందు పెట్టె ఉన్న గది, ఆ తర్వాత దాని పక్క గది. పుస్తకాల వెనక, సోఫా అడుగు గుడ్డలో, బూట్లలో, టీవీ వెనక, ఫ్రిజ్ మోటారు దగ్గర వెతికారు. వాషింగ్ మెషీన్ వేసేముందు లోపల చెయ్యి పెట్టి చూడాలన్న నియమం ఒకటి పెట్టుకున్నారు.

రాత్రి గుమ్మాల దగ్గర గోధుమపిండి పల్చగా చల్లారు. పాకితే గీత పడుతుంది కదా! గోడ వారన ప్లాస్టిక్ సంచులు పరిచారు, గరగర వినబడుతుందని. ఒక అట్టపెట్టెకు చిన్న కన్నం చేసి, కింద వేడినిచ్చే ప్యాడ్ పెట్టి, పక్కన నీళ్ళు ఉంచారు. జిగురు అట్టలు మాత్రం పెట్టొద్దని మిత్రుడు గట్టిగా చెప్పాడు. ఎలుకలకు పెట్టే ఆ జిగురులో పాము చిక్కుకుంటే చర్మం ఊడివస్తుంది. దీపాలన్నీ ఆర్పి, టార్చి పట్టుకుని, రాత్రి రెండు గంటలకు ముగ్గురూ (ఉడాయించినవాడు కూడా సిగ్గుపడి తిరిగొచ్చాడు లెండి) పిల్లుల్లా నడిచేవారు. నాకు రోజూ రిపోర్టు. మూడో రాత్రి పిండిమీద గీత పడింది! వంటింట్లోంచి లోపలికి. ఆ వార్త విని నేను మా వసారాలో ఎగిరి గంతేశాను. మా ఆవిడ వింతగా చూసింది.

ఊరంతా పుకారు, పాము మాత్రం ఇంట్లోనే

అయిదు రాత్రులు అన్నానని ఆశ్చర్యపోకండి. జంతు ప్రదర్శనశాలల వాళ్ళకే ఈ తిప్పలు తప్పలేదు. 2011 మార్చిలో న్యూయార్కులోని బ్రాంక్స్ జూలో ఈజిప్టు తాచుపిల్ల ఒకటి మాయమైంది. పొడవు 20 అంగుళాలే, కానీ అసలుసిసలు విషసర్పం. ఎవరో తుంటరి ఆ పాము పేరుతో ట్విట్టర్‌లో ఖాతా తెరిచి, అది నగరమంతా షికారు చేస్తున్నట్టు రాయడం మొదలెట్టాడు. జనం వేలం వెర్రిగా చదివారు. దాదాపు వారం తర్వాత పాము దొరికింది. ఎక్కడ? ఆ పాముల భవనంలోనే ఒక చీకటి మూల!

ఇంకా తమాషా అయినది స్టాక్‌హోమ్ కథ. 2022 అక్టోబరులో అక్కడి స్కాన్సెన్ అక్వేరియంలో ఒక గిరినాగు పైకప్పులో బల్బు బిగించిన చోటు నుంచి జారుకుంది. ఇదివరకు అక్కడుండే బల్బు బాగా వేడెక్కేది కనుక పాము దగ్గరికి పోయేది కాదు. కరెంటు ఆదా అవుతుందని వేడెక్కని కొత్తరకం బల్బు మార్చారు. దానికి దారి దొరికింది! ఎక్స్‌రే యంత్రాలతో గోడల మధ్య వెతికారు, జాడ కనిపెట్టారు, పట్టుకోలేకపోయారు. వారం గడిచాక ఆ గిరినాగు తనంతట తనే తిరిగివచ్చి తన పెట్టెలో పడుకుంది. అప్పటిదాకా దాని పేరు సర్ వేస్. ఆ తర్వాత గొలుసులు తెంచుకునే ఇంద్రజాలికుడి పేరు మీద హూడినీ అని పిలవడం మొదలుపెట్టారు.

నవ్వు తెప్పించని కథలూ ఉన్నాయి. 2013 ఆగస్టులో కెనడాలో క్యాంప్‌బెల్టన్ అనే ఊళ్ళో, పెంపుడు జంతువుల దుకాణం పైనున్న ఇంట్లో ఉంచిన ఆఫ్రికన్ కొండచిలువ గాలిగొట్టం లోంచి తప్పించుకుని, మరో గదిలో నిద్రపోతున్న ఇద్దరు పిల్లల ప్రాణం తీసింది. ఒకరికి నాలుగేళ్ళు, ఒకరికి ఆరేళ్ళు. ఇక్కడా పగ లేదు. మూయకుండా వదిలిన సందు ఒకటి ఉంది, అంతే. మూడున్నర అడుగుల కార్న్ స్నేక్‌కూ, మనిషిని చుట్టేయగల కొండచిలువకూ తేడా తెలియకుండా "పాము పెంచుతున్నాను" అని గొప్పలు చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విషసర్పమో, పెద్ద కొండచిలువో తప్పించుకుంటే వెతుకులాట మన పని కాదు. అందరూ బయటికి వచ్చేసి, ఇరుగుపొరుగుకు చెప్పి, తెలిసినవాళ్ళను పిలవడమే.

ఫ్లోరిడాకు మన పక్కింటివాళ్ళు

ఫ్లోరిడా రాష్ట్రంలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు పుట్టలు పుట్టలుగా పెరిగాయి. వాటి దేశం కాదది. ముద్దొచ్చినప్పుడు కొని, పది అడుగులు దాటాక భరించలేక వదిలేసినవాళ్ళూ, తప్పించుకుపోతే ఊరుకున్నవాళ్ళూ కలిసి చేసిన నిర్వాకం. 1992లో వచ్చిన ఆండ్రూ తుపాను పాములు పెంచే కేంద్రాన్ని ఒకదాన్ని ధ్వంసం చేయడం కూడా దానికి తోడైందంటారు. 2017లో వీటిని పట్టడానికి అమెరికా వాళ్ళు ఎవరిని పిలిపించుకున్నారో తెలుసా? తమిళనాడు ఇరుళ తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లను! రెండు వారాల్లో 13 కొండచిలువల్ని పట్టి ఇచ్చారు. గడ్డి వంగిన తీరు చూసి పాము ఎటు పోయిందో చెప్పగల మనుషులు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఇరుళ పాములవాళ్ళకు 1978లో సహకార సంఘం ఏర్పడేలా చేసిన రోములస్ విటేకర్, కొడైకెనాల్‌లో చదువుకునే రోజుల్లో మంచం కింద కొండచిలువను పెంచిన మహానుభావుడే. మద్రాసు గిండీలో పాముల పార్కు చూసి వచ్చిన ప్రతి తెలుగువాడూ ఆయన పుణ్యమా అని చూసినట్టే.

ఇదంతా చదివి "మనమూ ఒకటి తెచ్చుకుందాం" అని ఎవరైనా ఉబలాటపడితే ఒక్క మాట. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కొండచిలువ లాంటివైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములున్నవాళ్ళు 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. అదీగాక ఇది ఏడాది ముచ్చట కాదు. అమెరికాలో సెయింట్ లూయీ జూకు 1961లో చేరిన ఒక బాల్ పైథాన్, 2020లో, అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది!

మావాడి సంగతి కదూ? పిండిమీద గీత చూశాక వంటింటి వెనక స్టోర్ గది మీద కాపు వేశారు. అక్కడే వేణ్ణీళ్ళ బాయిలరు ఉంది. అయిదో రాత్రి టార్చి వెలుతురులో, బాయిలరుకూ గోడకూ మధ్య, సోనామసూరి బియ్యం సంచీకి ఆనుకుని, జిలేబీ చుట్టలా పడుకుని కనిపించింది. తోక పట్టి లాగొద్దని ముందే చెప్పాం కనుక, మావాడు ఒంటికింద రెండు చేతులూ పెట్టి మెల్లగా ఎత్తాడు. చేతులు వణికాయట. పాము మాత్రం వాడి మణికట్టు చుట్టూ చుట్టుకుని కదల్లేదు. ఒళ్ళంతా గాయాలేమైనా ఉన్నాయేమో చూసి, నీళ్ళిచ్చి, నాలుగు రోజులు కదిలించకుండా వదిలేశారు. అమెరికన్ కుర్రాడికి ఆ రాత్రే ఫోన్ చేసి, నాలుగో క్లిప్పు సంగతి తనే ఒప్పేసుకున్నాడు. ఆ కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "నా చేతిలోంచి రెండుసార్లు పోయింది" అన్నాడట.

పిన్నికి మాత్రం మొన్న మొన్నటి దాకా ఎవరూ చెప్పలేదు. నేనే నోరు జారాను. అంతా విని, ఆవిడ వాడికి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న:

"ఒరేయ్, ఆ బియ్యం ఏం చేశార్రా?"

"వండుకున్నాం అమ్మా. సంచీ మూతి కట్టే ఉంది."