"ఫోన్ పోయింది" అంటే ఏమైనట్టు?

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఫోన్ నీళ్లలో పడి మళ్లీ వెలగకపోతే "ఫోన్ పోయింది" అంటాం. బస్సులో ఎక్కడో జారిపడినా "ఫోన్ పోయింది" అనే అంటాం. ఎవడో సంచి జిప్పు లాగి ఎత్తుకెళ్లినా అదే మాట. వినేవాళ్లకూ ఇబ్బంది లేదు, "అయ్యో, ఎంతదే?" అని అడుగుతారు. ఇబ్బంది ఎప్పుడంటే, ఆ ఫోన్ కోసం అదనంగా డబ్బు కట్టి తీసుకున్న కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లినప్పుడు. అక్కడ ఈ మూడు పోవడాలూ మూడు వేరు వేరు సంగతులు.

మా ఇంట్లో ఇది పోయినేడు జరిగింది. మా పిన్ని చిట్టీ పాడుకుని, తన కూతురికి పద్దెనిమిది వేల ఫోన్ కొనిపెట్టింది. కొన్న రోజు దుకాణంలో అబ్బాయి "ఇంకో 1,200 కట్టండి ఆంటీ, రెండేళ్లు ఏం ఫికర్ ఉండది" అన్నాడు. కట్టింది. ఏడో నెలలో మా చెల్లె జహీరాబాద్ నుంచి బీదర్ వస్తుంటే బస్సు నిండా జనం, నిలబడే ప్రయాణం. బస్టాండులో దిగి చూసుకుంటే సంచి జిప్పు తెరిచి ఉంది, ఫోన్ లేదు. ఏడ్చుకుంటూ కాగితం తీసుకుని దుకాణానికి పోతే వాళ్లు చెప్పిన మాట ఇది: "ఇది ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మా. ఫోన్ తెస్తే బాగు చేసిస్తం. ఫోనే లేకుంటే ఏం బాగు చెయ్యాలె?"

కోపం వచ్చింది గానీ ఆ మాటలో తప్పు లేదు. కాగితం వెనక చిన్నక్షరాల్లో అదే ఉంది. అమ్మేటప్పుడు "ఏం ఫికర్ ఉండది" అనడం మాత్రం తప్పే. పిన్నికి అర్థమైంది ఇన్సూరెన్స్ అని, వాళ్లు అమ్మింది వారంటీ.

ఈ రెంటికీ తేడా ఏమిటో అప్పటినుంచి కనబడ్డ ప్రతి కాగితమూ చదివి తెలుసుకున్నాను. వారంటీ అంటే తయారుచేసినవాళ్లు ఇచ్చే మాట: "మా వస్తువులో లోపం ఉంటే మేమే బాగుచేస్తాం" అని. కొత్త ఫోన్‌కు మామూలుగా ఒక ఏడాది ఉంటుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఆ మాటనే ఇంకొన్నాళ్లు పొడిగిస్తుంది. లోపల బోర్డు కాలిపోయినా, స్పీకర్ మూగబోయినా దాని పరిధిలోకి వస్తుంది. మన చేతిలోంచి జారి అద్దం పగిలితే రాదు, ఎందుకంటే అది ఫోన్ లోపం కాదు. పైగా చాలావాటిలో ఈ పొడిగింపు మొదలయ్యేదే కంపెనీ ఇచ్చిన మొదటి ఏడాది అయ్యాక. అంటే మా చెల్లె ఫోన్ పోయిన ఏడో నెలకు పిన్ని కట్టిన 1,200 ఇంకా పని మొదలే పెట్టలేదు!

నీళ్ల సంగతి మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నరసింహ ఝరణికి వెళ్లని వాళ్లు మనలో ఎవరుంటారు? గుహలో ఛాతీ లోతు నీళ్లలో నడుస్తూ ఒక చేత్తో పసిపిల్లను, ఒక చేత్తో ఫోన్‌ను పైకెత్తి పట్టుకునేవాళ్లను నేనే చూశాను. ఆ నీళ్లలో పడిన ఫోన్‌ను వారంటీ కాపాడదు. నీళ్లకు తట్టుకుంటుందని పెట్టెమీద రాసి ఉన్న ఫోన్లకు కూడా మామూలు వారంటీలో నీటి నష్టం రాదు. దానికి 'యాక్సిడెంటల్ అండ్ లిక్విడ్ డ్యామేజ్' అనే ప్లాన్ విడిగా ఉంటుంది. అందులో పగలడం, తడవడం వస్తాయి గానీ, అక్కడ కూడా ఫోన్ తెచ్చి చూపించాలి.

చేతిలో ఫోన్ లేకుండా డబ్బు అడగగలిగేది ఇన్సూరెన్స్ దగ్గర మాత్రమే. అదీ దొంగతనానికి వర్తిస్తుందని పాలసీలో రాసి ఉంటేనే. అసలు మెలిక ఇక్కడే ఉంది. 'దొంగతనం' అని మనం అనుకునేదీ పాలసీ అనుకునేదీ ఒకటి కాకపోవచ్చు. కొన్నింట్లో తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తేనో, చేతిలోంచి బలవంతంగా లాక్కుంటేనో తప్ప దొంగతనం కింద లెక్క రాదు. జేబు కొట్టడాన్ని కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. క్యాంటీన్ బల్లమీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్తే 'గమనించకుండా వదిలేశారు' అంటారు. ఎలా పోయిందో చెప్పలేకపోతే 'కారణం తెలియని మాయం' అని పక్కన పెడతారు.

కోర్టుకు పోతే న్యాయం జరగదా అనిపిస్తుంది. 2004లో సుప్రీంకోర్టు యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ వర్సెస్ హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో ఇదే ప్రశ్న చూసింది. సరుకు దొంగతనమైంది, అందులో వివాదం లేదు. కానీ పాలసీలో బలవంతంగా చొరబడి చేసిన దొంగతనం అని రాసి ఉంది, అక్కడ బలవంతం జరిగినట్టు లేదు. పాలసీలో ఏ మాట ఉందో ఆ మాట ప్రకారమే నడవాలని కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పింది. వ్యాకరణం క్లాసులో ఒక్క విశేషణానికి ఇంత రాద్ధాంతమా అని విసుక్కుంటాం గానీ, ఆ వ్యాపారికి సరుకు విలువంతా ఒక విశేషణం మీదే పోయింది.

ఇక పోలీస్ స్టేషన్. బీదర్‌లో మన నాలుక మీద తెలుగు ఉంటుంది, బజారులో దక్కనీ ఉర్దూ నడుస్తుంది, స్టేషన్‌లో రాసేది కన్నడ. కన్నడలో 'కళెదుహోగిదె' అంటే పోగొట్టుకున్నాం అని. 'కళవాగిదె' అంటే దొంగతనం జరిగింది అని. తెలుగు చెవికి రెండూ ఒకలాగే వినిపిస్తాయి. ఉర్దూలో 'గుమ్', 'చోరీ' అంటే తేడా వెంటనే తెలుస్తుంది, ఇక్కడ తెలియదు. మా చెల్లె "ఫోన్ పోయింది సార్" అని తెలుగులో చెప్పింది, కాగితం మీద 'కళెదుహోగిదె' అని పడింది. ఆమె సంతకం పెట్టింది. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి నష్టం లేకపోయింది. ఉండి ఉంటే ఆ ఒక్క మాటతోనే క్లెయిమ్ కొట్టేసేవారు. కర్ణాటక పోలీసుల ఆన్‌లైన్ సేవల్లో ఉన్న 'ఇ-లాస్ట్' కూడా పేరులోనే ఉన్నట్టు పోగొట్టుకున్న వస్తువుల కోసమే. దొంగతనమైతే అది చాలదు, ఎఫ్ఐఆర్ కావాలి.

అలాగని పడిపోయిన ఫోన్‌ను దొంగిలించారని రాయించమని నేను చెప్పడం లేదు. అబద్ధపు ఫిర్యాదు నేరం, తేలితే పాలసీ కూడా చెల్లదు. చెప్పేదల్లా, జరిగింది జరిగినట్టు పూర్తిగా చెప్పండి అని. బస్సు ఎక్కినప్పుడు జిప్పు వేసి ఉంది, దిగినప్పుడు తెరిచి ఉంది, సంచి భుజానే ఉంది, చివరిసారి ఫోన్ చూసింది ఫలానా చోట, ఫలానా టైముకు. ఈ వివరాలుంటే మాట దానంతట అదే సరిపోతుంది. సంతకానికి ముందు కన్నడ బాగా వచ్చిన స్నేహితురాలితో ఒకసారి చదివించుకోండి. బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది. మా బిల్లు పిన్ని పేరున ఉందని మళ్లీ ఇంకో రోజు తిరగాల్సి వచ్చింది.

మనది సరిహద్దు ఊరు కాబట్టి ఇంకో చిక్కు. ఫోన్ తెలంగాణలో పోయిందా, కర్ణాటకలో పోయిందా? దీనికి ఇప్పుడు జవాబు ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. కాపీ ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. "జహీరాబాద్ పోయి రాయించుకోండి" అంటే మర్యాదగా ఈ నంబరు చెప్పండి.

ఫిర్యాదు ఆలస్యం చేయకూడదు. ఒక ట్రాక్టర్ దొంగతనం కేసులో (గురుశిందర్ సింగ్, 2020 జనవరి) యజమాని ఇన్సూరెన్స్ కంపెనీకి యాభై రోజులు దాటాక చెప్పాడు. అయినా సుప్రీంకోర్టు అతని వైపే నిలిచింది, కారణం దొంగతనమైన రోజే పోలీసులకు చెప్పడం. అది వాహనం కేసు, ఫోన్ పాలసీలు 24 గంటలు, 48 గంటలు అని గడువు పెడుతుంటాయి. రెండుచోట్లా వెంటనే చెప్పేస్తే ఈ తంటా ఉండదు. అంతకంటే ముందు సిమ్ ఆపించాలి, యూపీఐ గురించి బ్యాంకుకు చెప్పాలి.

డబ్బు వచ్చినా పూర్తిగా రాదు. ఒక లెక్క వేద్దాం, ఊహకే. 18,000 ఫోన్, ఏడు నెలల వాడకానికి 25 శాతం తరుగు తీస్తారనుకోండి, 13,500 మిగిలింది. అందులో మన వాటా 10 శాతం అంటే 1,350 పోతే చేతికి వచ్చేది 12,150. పాలసీ కొనేముందు అడగాల్సింది ఈ రెండు శాతాలే, మిగతా కబుర్లు తర్వాత. ఇంకో చిన్న సంగతి: వారంటీ కింద ఫోన్ మార్చి కొత్తది ఇస్తే దాని ఐఎంఈఐ నంబరు మారుతుంది. పాలసీలో పాత నంబరే ఉండిపోతే, రేపు పోయిన ఫోన్ వాళ్ల దృష్టిలో వేరే ఫోన్.

చేతిలో ఉన్న కాగితం ఏదో ఎలా పోల్చుకోవాలి? ఇన్సూరెన్స్ అయితే పాలసీ నంబరు, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంటాయి. ఆ కంపెనీలన్నీ హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న ఐఆర్‌డీఏఐ కింద పనిచేస్తాయి. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు చూసి, బెంగళూరులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాగితం మీద దుకాణం పేరో 'ప్రొటెక్షన్ ప్లాన్' అనో మాత్రమే ఉంటే అది చాలావరకు వారంటీయే. దానికి అంబుడ్స్‌మన్ లేడు. మోసపు మాటలతో అమ్మారంటే 1915 హెల్ప్‌లైన్, ఆ తర్వాత మన జిల్లా వినియోగదారుల కమిషన్.

నన్నడిగితే పది పన్నెండు వేల ఫోన్‌కు రెండూ దండగ, ఆ డబ్బు పక్కన దాచుకోవడమే నయం. వాయిదాల మీద కొన్న ఖరీదైన ఫోన్‌కు మాత్రం జేబుదొంగతనం వర్తించే ఇన్సూరెన్స్ ఆలోచించొచ్చు, ఎందుకంటే ఫోన్ పోయినా ఈఎంఐ పోదు. డబ్బుకు మించిన నష్టమూ ఉంది. మా చెల్లెకు పరీక్ష ఫీజు కట్టే ఓటీపీ రాక వారం రోజులు పరేశాన్ అయింది. ఇంట్లో "ఆడపిల్లకు అంత ఫోన్ ఎందుకు, జాగ్రత్త తెలవనప్పుడు" అని బాబాయి అన్న మాట ఇంకా అలాగే ఉంది. కొత్త ఫోన్ కొనలేదు. పిన్ని పాత కీప్యాడ్ ఫోన్‌తోనే ఇప్పుడు కాలేజీకి వస్తోంది. ఈ కాగితాల గోలను ఆడపిల్లలం మనం తెలుసుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

డబ్బు పెట్టకుండా దొరికేది ఒకటుంది. 2023 మే నుంచి దేశమంతటా సంచార్ సాథీలో సీఈఐఆర్ సేవ నడుస్తోంది. పోలీసు ఫిర్యాదు, బిల్లు, గుర్తింపు కార్డు పెట్టి ఐఎంఈఐ నంబరు ఇస్తే ఆ ఫోన్ ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపుతారు. ఎవరైనా వాడబోతే జాడ పోలీసులకు తెలుస్తుంది. మా చెల్లె ఫోన్ ఇంకా దొరకలేదు, కానీ ఆపించాం. నంబరు కోసం ఫోన్ పెట్టెను అటకమీద ఒక పూటంతా వెతికాం.

ఇది చదువుతూ ఇక్కడ నిలబడ్డవాళ్లు ఫోన్ తీసి స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టండి. 15 అంకెలు వస్తాయి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు వరుసలు. రెండూ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి, ఫోన్‌లో కాదు.