పసిబిడ్డకు మందు పట్టేదెలా?

చాలా ఇళ్లలో పసిబిడ్డను కాళ్లమీద వెల్లకిలా వేసుకుని, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో మందు గొంతులో పోసేస్తారు. అలా చేయకండి. ఏడుస్తూ ఊపిరి పీల్చినప్పుడు మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డను ఒడిలో తల ఎత్తుగా పట్టుకుని, సూది లేని సిరంజితో చెంప లోపలివైపు కొద్దికొద్దిగా వదలండి. ఒక గుటక మింగాకే రెండోది. పాలసీసాలో కలపకండి. పాలు సగంలో వదిలేస్తే మందు ఎంత లోపలికి పోయిందో తెలియదు.

యునానీ వాడే ఇళ్లలో అసలు జాగ్రత్త తేనె దగ్గర. మాజూన్, ఖమీరా వంటివాటిలో తరచుగా తేనె ఉంటుంది. తేనెలో ఉండగల బొటులిజం సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయి. ఇంట్లో కాచినా అవి చావవు. మలబద్ధకం, సన్నబడిన ఏడుపు, పాలు పీల్చలేకపోవడం, ఒళ్లు వేలాడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కాబట్టి ఏడాది నిండేవరకు చేదు మరిపించడానికి కూడా తేనె నాకించొద్దు. తహ్నీక్‌కు ఖర్జూరం ఉండగా తేనె ఎందుకు? హకీం సాహెబ్‌కు బిడ్డ వయసు నెలల్లో చెప్పండి. మందులో తేనె కలిసిందా అని అడిగాకే తీసుకోండి. మోతాదు మి.లీ.లలో రాయించుకోండి, ఇంటి చెంచాలన్నీ ఒకే కొలత కావు. బిడ్డ మందు కక్కేస్తే మళ్లీ పట్టే ముందు ఆయన్నే అడగండి.