లండను నగరమున చౌకబస

విదేశయాత్ర యనగానే మనవారు విమానపు టిక్కెట్టు వెలనే తలంచి వెనుదీయుదురు. కాని లండను వంటి పట్టణమున చేతిసంచిని ఖాళీచేయునది విమానము కాదు, బస. సామాన్యమైన హోటలులో ఇరువురకొక గది రాత్రికి నూరు పౌనులకు లోపల దొరకుట అరుదు. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. పదునొకండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో మేమిరువురము గత జూనునెలలో బయలుదేరితిమి. హోటలున దిగినచో మూడు దినములు, చౌక హాస్టలున దిగినచో ఎనిమిది దినములు అని లెక్క తేలినది. పాదలేప మున్నను ప్రవరునకు ఇల్లు చేరుట కష్టమాయెను. మాకు అదియును లేదు.

మేము చూడగోరినది ముఖ్యముగా ఒక్కటే. మా పుట్టినూరు అమరావతికి సమీపము. అచ్చటి మహాస్తూపపు దిబ్బను 1845లో వాల్టరు ఇలియట్టు దొర త్రవ్వించెను. ఆ శిల్పములలో నూటికి పైగా 1859లో లండను చేరి, 1880 నుండి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. చిన్ననాడు మేమా దిబ్బచుట్టు ఆడుకొంటిమి. దానిని చుట్టియుండిన రాళ్ళను మాత్రము చూచి యెఱుగము.

హాస్టలనగా మనకు విద్యార్థుల వసతిగృహము స్ఫురించును. ఐరోపాలో దాని యర్థము వేఱు. ఒకే గదిలో నాలుగు మొదలు పదునాఱు వరకు మంచములు, రైలులోని బెర్తులవలె ఒకదానిపై నొకటి అమర్చియుండును. గదికి గాక పడకకు అద్దె. స్నానపుగదులు, వంటయిల్లు ఉమ్మడివి. ఓరుగంటి పూటకూటి యింటిని క్రీడాభిరామమున చదివినవారికి ఈ పద్ధతి మిక్కిలి వింతగా తోపదు. దీనికి ఆద్యుడు రిచర్డు షిర్మాను అను జర్మను ఉపాధ్యాయుడు. 1909లో బాలురను వెంటబెట్టుకొని కాలినడకన పోవుచు గాలివానలో చిక్కి, ఒక పల్లెబడిలో ఆ రాత్రి తలదాచుకొనెను. సెలవులలో ఊరకయుండు బడులు బాటసారులకు బసలు కారాదా యని అప్పుడే తోచినదట. 1912లో ఆల్టెనా కోటలో తొలి స్థిరమైన యువజన వసతిగృహ మేర్పడినది. ఇంగ్లండులో ఇట్టి గృహముల సంఘము 1930లో పుట్టినది. ఆయనయు బడిపంతులే యని తెలిసి మా వారికి పరమానందము.

ఇక మా తెలివితక్కువను చెప్పుకొనక తప్పదు. ఇంటర్నెట్టులో వెల యొక్కటే చూచి, అన్నిటికంటె చౌకయైన దానిలో రెండు రాత్రులకు రెండు పడకలు కుదుర్చుకొంటిమి. రద్దుచేసినచో సొమ్ము తిరిగి రాని రకమది. అందుకే చౌక! రాత్రి తొమ్మిది గంటలకు పెట్టెలు మోసికొని చేరితిమి. జూనుమాసము గనుక ఇంకను వెలుతురు పోలేదు. పండ్రెండు మంచముల గది తలుపు తెఱచి చూతుము గదా, పదిమంది పురుషులు! అది స్త్రీపురుషుల యుమ్మడి గది. ఆ మాట మా రసీదులోనే వ్రాసియున్నదని కచేరిబల్ల యొద్ద నున్న యువకుడు మర్యాదగనే చూపించెను. తప్పు మాది. స్త్రీల గదిలో ఖాళీ లేదు. ఆ యువకులలో నెవ్వరును మమ్మేమియు ననలేదు. ఒకరు లేచి పెట్టె నందుకొనబోయిరి కూడ. అయినను మాకు అచట కన్నుమూయుటకు ధైర్యము చాలలేదు. తిరిగి యింటికే పోవుదమా యన్నంత దుఃఖము వచ్చినది. క్రింది చావడిలో కుర్చీలపై కూర్చుండి తెల్లవార్చితిమి.

ఆ చావడిలోనే పోర్చుగలు దేశపు చిన్నది యొకతె పరీక్షకు చదువుకొనుచుండెను. మా సంగతి విని, తన కంప్యూటరు మావైపు త్రిప్పి, బసను వెదకు విధము నేర్పినది. మొదట స్త్రీలకు ప్రత్యేకమైన గదులున్న గృహములనే యేఱవలెను. పిమ్మట పొగడ్తలు విడిచి, తక్కువ మార్కులిచ్చినవారి అభిప్రాయములు, అందును ఇటీవలివి, స్త్రీలు వ్రాసినవి చదువవలెను. గోల యని యొకరు వ్రాసిన సరిపెట్టుకొనవచ్చును. నల్లులని యిద్దరు వ్రాసిన ఆ యిల్లు మనకు వలదు. వంటయిల్లు నిజముగా వంటకు పనికివచ్చునదా, లేక నీళ్ళు కాచుకొనుటకేనా? సామాను దాచు లాకరు గదిలోనే కలదా? వయఃపరిమితి పెట్టిన గృహములును కలవు గాన ముప్పది దాటిన మనబోంట్లు అదియు చూడవలెను. శుక్ర శనివారముల రాత్రులు అద్దె పెరుగును గనుక రాక ఆదివారమున పడునట్లు చూచుకొనుట మేలు. నగరపు అంచున చౌకగా దొరకిన పడకకు దినదినము రైలు ఖర్చు కలిపినచో చౌక యేమియు మిగులదని ఆమె లెక్కవేసి చూపినది. మా వారు లెక్కల మాస్టరు!

తెల్లవాఱిన పిదప ఆ రెండు రాత్రుల సొమ్ముపై నాస వదలుకొని, యూస్టను రోడ్డు ప్రాంతమున వేఱొక గృహమునకు మాఱితిమి. ఆఱు మంచముల స్త్రీల గదిలో మాకు, పురుషుల గదిలో మా వారికి పడకలు దొరకినవి. పడక యొక్కంటికి రాత్రికి ముప్పది పౌనుల పైచిలుకు. మా క్రింది మంచమున డెబ్బదియేండ్ల ఆంగ్ల వృద్ధురాలు. ఏటేట మ్యూజియములు చూచుటకు వచ్చునట. మాది పై మంచము. చీరతో నిచ్చెన యెక్కుట సాహసమని మొదటి రాత్రియే తెలిసినది. మా చెల్లెలు బలవంతముగ పెట్టెలో నుంచిన సల్వారు కమీజు అప్పుడు అక్కఱకు వచ్చినది. దుప్పట్లు వారే యిత్తురు. తువ్వాలునకు పెక్కుచోట్ల వేఱుగ అద్దె. లాకరునకు తాళము మనదే కావలెను. మరుగుదొడ్డిలో కాగితమే కాని నీరుండదు. చిన్న ప్లాస్టిక్కు చెంబొకటి తీసికొనిపోవుడు. సిగ్గుపడి యెవ్వరును చెప్పని మాట గనుక చెప్పుచున్నాము.

మడి యచట సాగదు. కాని వంటయింటి వలన మా ప్రాణము లేచివచ్చినది. కొళాయినీరు నిర్భయముగ త్రాగవచ్చును. యూస్టను స్టేషను దాపున డ్రమ్మండు వీధిలో మనదేశపు శాకాహార భోజనశాలలును, పప్పులు చింతపండు దొరకు అంగడియు కలవు. రిఫ్రిజిరేటరులో నుంచు ప్రతి పొట్లముపై పేరును, వెడలిపోవు తేదియు వ్రాయవలెను; వ్రాయనిచో పాఱవేయుదురు. తాలింపు విషయమున జాగ్రత్త! మిరపకాయలు మాడినచో పొగను కనిపెట్టు యంత్రము కూయును, ఇంటిల్లిపాదియు వీధిలోనికి నడువవలెను. మేము అంతవరకు తేలేదు గాని, ఒకామె దగ్గుచు కిటికీ తెఱచినది. ఆమెయే పిదప పులిహోర రెండుమారులు వడ్డించుకొన్నది.

అచటినుండి మ్యూజియమునకు కాలినడక. ప్రవేశమునకు రుసుము లేదు. 33ఎ గదిలో అద్దముల వెనుక మన రాళ్ళు నిలిచియున్నవి. ఒక ఫలకముపై స్తూపముయొక్క పూర్ణరూపమే చెక్కబడియున్నది. మా ఊరి దిబ్బ యొకప్పుడెట్లుండెనో అది చూచిన పిదపనే మాకు బోధపడినది. హోటలున దిగియుండినచో ఒక్కపూట చూచి మరలవలసినదే. మేము మూడు దినములు పోయితిమి. మూడవనాడు మా వారు చాలునన్నను మేము లేవలేదు.

బయలుదేరునాడు మిగిలిన బియ్యమును, చింతపండును వంటయింటిలోని ఉమ్మడి అలమరలో నుంచితిమి. పోవువారు విడిచినది వచ్చువారు వాడుకొందురు. మేము వచ్చిన దినమున మాకు నూనెయు ఉప్పును దొరకినది ఆ యలమరలోనే.