బడి నేలలో తేనెటీగల వీధి

బడి తెరిచే ముందు ఆవరణ శుభ్రం చేయిస్తారు. గోడ వారన, చెట్టు మొదట్లో పెన్సిలు దూరేంత రంధ్రాలు, చుట్టూ పొడిమట్టి కనబడితే చీమల పుట్టలనుకొని కిరసనాయిలు పోయిస్తారు, లేదా సిమెంటు పూయిస్తారు. వాటిలో కొన్ని తేనెటీగల ఇళ్లు.

తేనె, ఈగ కలిస్తే మనకు తేనెటీగ. తమిళంలో తేన్, ఈ కలిస్తే తేనీ. రెండు పేర్లలోనూ తేనె ఉంది కనుక, పట్టు పెట్టేదే తేనెటీగ అని పిల్లలు అనుకుంటారు. కానీ ప్రపంచంలోని సుమారు 20,000 జాతుల్లో ఎక్కువ భాగం నేలలోనే గూడు చేసుకుంటాయి. మన ప్రాంతంలో కనబడే నీలి చారల తేనెటీగ అలాంటిదే. మట్టిగోడల్లోనూ ఉంటుంది.

ఆడ ఈగ ఒంటరిగా సొరంగం తవ్వి, చిన్న చిన్న గదులు చేస్తుంది. నీరు ఇంకకుండా లోపల మైనంలాంటి పూత పూస్తుంది. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపి పెట్టి, ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది. బిడ్డ పుట్టేసరికి తిండి సిద్ధం.

వీటిలో చాలావాటికి రాణి లేదు, ఉమ్మడి కాపురమూ లేదు. నాయకరాజుల కాలంలో మదురై వైపు వచ్చిన మన పెద్దలు వీధులుగా స్థిరపడినట్టు, ఇవీ పక్కపక్కనే గూళ్లు తవ్వుకుంటాయి. ఎవరి వంట వారిదే, వీధి మాత్రం అందరిదీ. కొన్ని చిన్న జాతుల్లో ఒక ఈగ వాకిట్లో తల అడ్డం పెట్టి కాపలా కాస్తుంది. కాకి గూట్లో కోకిలలా, నీలి చారల ఈగ గూట్లో దొంగచాటుగా గుడ్డు పెట్టే మరో జాతి ఈగా ఉంది. సాయంత్రం మగ ఈగలు సన్నని కాడను దవడలతో కరచుకొని నిద్రపోతాయి.

వంకాయ, టమాటా పూలలో పుప్పొడి గొట్టాల్లాంటి భాగాల్లో దాగి ఉంటుంది. నీలి చారల ఈగ పువ్వును పట్టుకొని ఒళ్లు అదిరిస్తే అది రాలుతుంది. పట్టు పెట్టే తేనెటీగకు ఈ విద్య రాదు. పెరటి వంగమొక్క కాపు నిండుగా రావాలంటే ఈ ఈగ కావాలి.

వీటికి కాపాడుకోవలసిన పట్టు లేదు కనుక గుంపుగా వెంటపడవు. చేత్తో పట్టుకుంటే మాత్రం ఆడ ఈగ కుట్టవచ్చు. రంధ్రాల్లో వేలు, పుల్ల పెట్టవద్దని పిల్లలకు చెప్పాలి. చెట్టుకు వేలాడే పెద్ద తేనెపట్టు సంగతి వేరు, దాని దరిదాపులకు పోనివ్వకూడదు.

ఆవరణ అంతా టైల్స్ పరిచేటప్పుడు, ఎండ తగిలే ఒక మూల మట్టినేలగానే వదలండి. అక్కడ మందు కొట్టవద్దు, తవ్వవద్దు. పిల్లలు దూరం నుంచి రంధ్రాలు లెక్కపెట్టి, ఏ పూట ఏ పువ్వు మీద వాలిందో తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటే, సైన్సు పాఠమూ భాషా పాఠమూ ఒకచోటే జరుగుతాయి.