హడ్సన్ వీధిలో తాళంచెవులు

మన్‌హటన్‌లో వీధి నంబరు తెలిస్తే చాలు, కొత్తవాళ్లయినా దారి తప్పరు. గ్రెనిచ్ విలేజ్‌లో మాత్రం ఆ లెక్క కుదరదు. పడమటి 4వ వీధి మెలిక తిరిగి పోయి 10, 11, 12వ వీధులను అడ్డంగా దాటుతుంది. 1811లో న్యూయార్క్ నగరానికి గళ్ల ప్లాను గీసేనాటికే ఇక్కడ ఒక ఊరుంది. దాని వంకర దారులు అలాగే మిగిలిపోయాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తక్కువ అద్దెల కోసం కవులు, చిత్రకారులు ఈ పేటకు చేరారు. 1917 జనవరిలో ఓ రాత్రి కళాకారులు మార్సెల్ డుషాంప్, జాన్ స్లోన్, మరికొందరు మిత్రులు వాషింగ్టన్ స్క్వేర్ పాలరాతి తోరణం పైకెక్కి, తమ పేట ఇక స్వతంత్ర దేశమని చాటారు. 1961లో గాయకుడు బాబ్ డిలన్ గిటారుతో వచ్చి వాలిందీ ఇక్కడి కాఫీ హోటళ్లలోనే.

ఈ పేటను అందరికంటే నిశితంగా చూసిన మనిషి జేన్ జేకబ్స్. 1947లో ఆమె కుటుంబం హడ్సన్ వీధిలో 555 నంబరు ఇల్లు కొనుక్కుంది. కింది భాగం ఒకప్పుడు మిఠాయి కొట్టు. అమెరికా నగరాల మీద 1961లో ఆమె రాసిన పుస్తకంలో ఒక చిన్న సంగతి ఉంది. ఇంటికి చుట్టాలొచ్చే వేళకు తాము ఉండకపోతే, అక్కడివాళ్లు తాళంచెవి వీధిలోని కొట్లో ఇచ్చిపోయేవారట. కొట్టువాడికి అందరూ తెలుసు, అతనంటే అందరికీ నమ్మకం. పేట అంటే ఆమె దృష్టిలో అదీ.

వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యనుంచి రోడ్డు వేయాలని నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ పట్టుబట్టినప్పుడు, షర్లీ హేస్ అనే స్థానిక తల్లి 1952లో ఉద్యమం మొదలుపెట్టారు. జేకబ్స్ కూడా అందులో చేరారు. 1958లో పార్కులోకి కార్లు రాకుండా ఆపించారు. 1969లో ఈ పేటలోని రెండు వేలకు పైగా భవనాలకు చారిత్రక రక్షణ దక్కింది.

ఆ రక్షణ లేకుంటే ఈ ఇటుక ఇళ్లెన్నో కూలిపోయేవి. అయితే దాని ప్రకారం పాతవి కూల్చకూడదు, కొత్తవి ఇష్టమొచ్చినంత ఎత్తు లేపకూడదు. ఇళ్లు పెరగవు, కళాకారుల పేట అన్న పేరు విని వచ్చే ధనవంతులు మాత్రం పెరుగుతారు. వాటాలుగా చేసి నలుగురైదుగురికి అద్దెకిచ్చిన ఇళ్లు మళ్లీ ఒక్క కుటుంబం సొంతమవుతున్నాయి. జేకబ్స్ ఉన్న ఇల్లే 2009లో 30 లక్షల డాలర్లకు పైగా పలికింది. జీతం డబ్బులతో బతికే రచయిత ఇప్పుడు ఆ గుమ్మం ఎక్కలేడు. ఇది బాధాకరం.

1849 నాటి సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి 2010లో మూతపడితే, ఆ స్థలంలో ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. బ్లీకర్ వీధిలో ఫ్యాషన్ షోరూములు వచ్చి అద్దెలు ఎంత పెంచాయంటే, చివరికి అవే ఆ అద్దెలు కట్టలేక ఖాళీ చేశాయి. 2017 నాటికి ఆ వీధిలో ఎటు చూసినా మూసిన షట్టర్లే.

అద్దె నియంత్రణ ఉన్న వాటాల్లో కొందరు పాతకాపులు ఇంకా నిలిచి ఉన్నారు. 2019 నాటి అద్దె చట్టం వాళ్లకు మరింత అండ ఇచ్చింది. తాళంచెవులు దాచిపెట్టిన కొట్టులాంటి దుకాణాలకు మాత్రం అద్దె ఇంతకు మించకూడదన్న చట్టం న్యూయార్క్‌లో లేదు.